అరిగిపోయిన అక్షరాల కేసు

బడులు తెరిచిన రెండో వారంలో విద్యాశాఖ పెద్దాఫీసు నుంచి ఒక శుభవార్త వెలువడింది. పల్లెటూరి బడుల్లో పనిచేసే ఉపాధ్యాయులందరూ నెలాఖరులోగా నూటికి నూరుపాళ్లు డిజిటల్ అక్షరాస్యులు అయి ఉంటారని అందులో రాశారు. కావాలనీ కాదు, కావడానికి కృషి చేయాలనీ కాదు, అయి ఉంటారని. క్రియాపదం దగ్గర పెద్దాఫీసువాళ్లు ఎప్పుడూ పొరపాటు చేయరు.

మా ఊరి బడికి ఇద్దరు ఉపాధ్యాయులు. బడి గేటుకి ఎదురుగా నా సైకిలు రిపేరు షాపు ఉంది కాబట్టి వాళ్ల గురించి నాకు తెలియని సంగతి లేదు. తెలియనివి ఏమైనా ఉంటే పంక్చరు వేయించుకోవడానికి వచ్చినవాళ్లు చెప్పి వెళతారు.

హెడ్మాస్టారు చాలా జాగ్రత్త గల మనిషి. పుస్తకాలు నలుగుతాయని బీరువాకి తాళం వేసి, తాళంచెవి పోతుందని ఇంట్లో దాచేవారు. రెండేళ్ల కిందట పెద్దాఫీసు బడికొక కంప్యూటరు పంపిస్తే, పెట్టెతో సహా తన గదిలో గోడవారగా పెట్టించి, మీద గళ్ల గుడ్డ పరిచి, ఆ గుడ్డ మీద మంచినీళ్ల కూజా, హాజరుపట్టీ, టిఫిన్ క్యారియరు సర్దుకున్నారు. తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ వంగి, గుడ్డ ఎత్తి, సీలు చెక్కుచెదరలేదని చూసి, 'కంప్యూటరు సంతృప్తికరంగా ఉన్నది' అని రిజిస్టరులో రాసి, ఆయనతో చెయ్యి కలిపి వెళ్లేవాడు. చుట్టుపక్కల పన్నెండు బడుల్లో అంత సంతృప్తికరమైన కంప్యూటరు మరొకటి లేదని మాకు గర్వంగా ఉండేది.

రెండో ఆయన లెక్కలు చెబుతారు. చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది గనుక ఊరంతా సుద్దముక్క మాస్టారు అంటారు. మంచివారే గానీ ఒక దురలవాటు ఉంది. ఎవరైనా ఏదైనా నేర్పుతామని పిలిస్తే, నిజంగానే నేర్చుకుందామని వెళతారు. తర్వాత జరిగిన అనర్థాలన్నిటికీ అదే మూలం.

శిక్షణ అయిదు రోజులు. బస్తీలో ఒక పెళ్లిళ్ల హాలు మాట్లాడారు. నూట నలభై మంది ఉపాధ్యాయులకి ఒకటే కంప్యూటరు, అది కూడా శిక్షకుడిది. దాన్ని ఎవరూ ముట్టుకోకుండా చుట్టూ కుర్చీలు అడ్డం పెట్టారు. గోడ మీద బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ, వాటి మీద రాసి ఉన్నది పైకి చదవడమే ఆయన పని. అందుకని మొదటి రోజు మధ్యాహ్నానికే ఆయనకి స్లైడు సారు అని పేరు పడిపోయింది.

మొదటి రోజంతా కంప్యూటరు ప్రపంచాన్ని ఎలా మార్చేసిందో విన్నారు. రెండో రోజు కంప్యూటరు భాగాలు గోడ మీద చూపించి, నోటుపుస్తకాల్లో బొమ్మలు వేయమన్నారు. ఒక డ్రాయింగు మాస్టారు వేసిన మౌసు తోకతో సహా ఎంత బాగా కుదిరిందంటే, హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మూడో రోజు పొద్దున్నే కరెంటు పోయింది. అయినా శిక్షణ ఆగలేదు. స్లైడు సారు నల్లటి గోడ ముందు నిలబడి, "ఇప్పుడు మీరిక్కడ నొక్కారనుకోండి" అన్నారు. నూట ముప్ఫై తొమ్మిది మంది అనుకున్నారు. సుద్దముక్క మాస్టారు లేచి నిలబడ్డారు.

"ఎక్కడ నొక్కామనుకోవాలండీ?"

స్లైడు సారు చాలాసేపు కాగితాలు తిరగేశారు. "ఆ సంగతి ఆరో రోజు పాఠంలో వస్తుంది మాస్టారూ. కూర్చోండి."

అయిదు రోజుల శిక్షణకి ఆరో రోజు ఎప్పుడు వస్తుందని మాస్టారు మళ్లీ అడగబోతే, పక్కనున్న హెడ్మాస్టారు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టారు. అయిదో రోజున అందరికీ ఫోనులో ఒక పరీక్ష పెట్టారు. పదిహేను వీడియోలు చూడాలి, చివర ఒక ప్రశ్నకి జవాబు చెప్పాలి. అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు వీడియో పెట్టి, ఫోను బోర్లించి, టీ తాగడానికి వెళ్లారు. మా హెడ్మాస్టారు రెండు ఫోన్లు బోర్లించి, తనదీ, పొరుగూరి బడిలో పనిచేసే తన తోడల్లుడిదీ కలిపి నలభై నిమిషాల్లో పూర్తిచేశారు. ఆ తోడల్లుడు ఆ రోజు వేరే ఊళ్లో ఉన్నాడు. దూరవిద్య అంటే అదే.

సుద్దముక్క మాస్టారు పదిహేను వీడియోలూ కళ్లార్పకుండా చూశారు, పాయింట్లు రాసుకున్నారు. చివరి ప్రశ్న వచ్చింది: మీకు కంప్యూటరు వాడటం వచ్చినదా? అవును, కాదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అయిదు రోజులు మనసులో తిప్పి చూసుకున్నారు. కంప్యూటరుని దూరం నుంచి చూడటం వచ్చింది, బొమ్మ వేయడం వచ్చింది, నొక్కాననుకోవడం వచ్చింది. నిజం చెప్పాలి కదా అని 'కాదు' మీద వేలు పెట్టారు.

అలాంటి జవాబు రావచ్చని ఆ పరీక్ష తయారుచేసినవాళ్లకి తోచనే లేదు. ఫోను కాసేపు గుండ్రంగా తిరిగి, తెల్లబోయి, అలాగే ఉండిపోయింది. అక్కడ పెద్దాఫీసు గోడ మీద పెట్టిన పెద్ద బోర్డులో అంకె తొంభై తొమ్మిది పాయింటు తొమ్మిది తొమ్మిది దగ్గర ఆగిపోయింది. నూరు అవగానే కోయడానికి కేకు తెప్పించి ఉంచారట. సాయంత్రం దాకా చూసి, కేకు పదివేలో వంతు మిగిల్చి కోసుకున్నారని తర్వాత తెలిసింది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. 'డిజిటల్ నిరక్షరాస్యుల జాబితా' అని పైన పెద్ద శీర్షిక, దాని కింద గళ్లు గీసిన పట్టిక, వరస సంఖ్య ఒకటి, ఎదురుగా మా మాస్టారి పేరు. రెండో వరస లేదు. మూడు నెలల్లో అక్షరాస్యుడు కాకపోతే తగు చర్య తీసుకోబడునని హెచ్చరిక. దాన్ని బడి నోటీసు బోర్డుకి అంటించాలి గనుక మాస్టారే సుద్ద అంటిన చేత్తో జిగురు రాసి అంటించుకున్నారు.

ఇరవై ఆరేళ్లుగా ఆ బడిలో లెక్కలు చెబుతున్న మనిషి. మా ఊళ్లో వడ్డీ వేయడం వచ్చినవాళ్లంతా ఆయన దగ్గరే నేర్చుకున్నారు, వడ్డీ తప్పించుకోవడం కూడా. ఆ రోజు ఇంటికెళ్లి కంచం ముందు కూర్చుని కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేశారని వాళ్లావిడ చెప్పింది. "నిరక్షరాస్యుడని రాశారే. అచ్చులో రాశారు" అని మాత్రం అన్నారట. ఆవిడ, ఎలాగోలా సర్దుకుపోవచ్చు కదా, ఇంకోసారి ఫోను నొక్కి అవునని చెప్పేస్తే పోతుంది కదా అని నచ్చచెప్పబోయింది. ఆయన వినలేదు. నేర్చుకున్నాకే అవునంటానన్నారు. ఆవిడ ముక్కు ఎగబీల్చి, "అయితే మా చెల్లెలి దగ్గరికి వెళ్లండి" అంది.

ఆ చెల్లెలికి బస్తీలో జిరాక్సు షాపు ఉంది. మంచం పట్టేంత వెడల్పు గది, ఒక జిరాక్సు మిషను, ఒక పాత కంప్యూటరు, జనం కాగితాలు పెట్టుకుని రాసుకోవడానికి ఒక బల్ల. దరఖాస్తులు, అర్జీలు, పెళ్లి పత్రికలు, విడాకుల నోటీసులు ఆవిడ చేతిమీదుగానే పోతాయి. ఆవిడకి ఏ శాఖా సర్టిఫికెట్టు ఇవ్వలేదు. ఆ శాఖల సర్టిఫికెట్లన్నీ ఆవిడే టైపు చేస్తుంది.

మాస్టారు సాయంత్రం బడి అయ్యాక నా దగ్గర సైకిలుకి గాలి కొట్టించుకుని రోజూ బస్తీకి వెళ్లడం మొదలుపెట్టారు. మరదలు మొదటిరోజే షరతు చెప్పింది. అక్క మొగుడని మర్యాద ఇంటి దగ్గరే గానీ షాపులో లేదని, తప్పు చేస్తే బల్ల ఎక్కి నిలబడాలని. మాస్టారు ఒప్పుకున్నారు. మొదటి వారంలో బల్ల మీదే ఎక్కువసేపు గడిపారు. అర్జీలు పట్టుకుని వచ్చినవాళ్లు ఆయన కాళ్ల పక్కనే కాగితాలు పెట్టుకుని సంతకాలు చేసి వెళ్లేవారు. వాళ్లలో ఆయన పాత శిష్యులు కూడా ఉన్నారు. ఒకప్పుడు ఆయన చేతిలో బల్లలెక్కిన ఒక కాంట్రాక్టరు ఆ దృశ్యం చూసి, జిరాక్సు పని ఏమీ లేకపోయినా తన గుర్తింపు కార్డుకి పది కాపీలు తీయించుకున్నాడు. మర్నాడు మళ్లీ వచ్చి ఇంకో పది తీయించుకున్నాడు.

"మౌసుని గొంతు పిసికినట్టు పట్టుకోకు బావా. అదేం పారిపోదు" అని మరదలు అరిచేది.

"ఇటు లాగితే అటు పోతోందే."

"అటు పోతే పోనీ. వెనక్కి పిలు. తిట్టకు."

మూడో వారంలో ఆయన తప్పుల్లేకుండా ఒక పేజీ కొట్టారు. అది ఎవరిదో ఇల్లు ఖాళీ చేయమనే నోటీసు. మాస్టారు దాన్ని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుని, కళ్లు తుడుచుకున్నారు. నోటీసు తీసుకోవడానికి వచ్చిన ఇంటాయన, అద్దెకున్నవాళ్ల కష్టం తలుచుకుని ఏడుస్తున్నారనుకుని, వాళ్లకి ఇంకో నెల గడువు ఇచ్చాడు. డిజిటల్ అక్షరాస్యత వల్ల సమాజానికి మేలు జరుగుతుందని స్లైడు సారు చెప్పినది ఆ ఒక్కసారి నిజమైంది.

ఇంతలో హెడ్మాస్టారు కూతురి పెళ్లి కుదిరి, మూడు నెలలు సెలవు పెట్టారు. పెళ్లి ఒక్కరోజే గానీ ఆయన జాగ్రత్త గల మనిషని ముందే మనవి చేశాను. తాళాలు సుద్దముక్క మాస్టారి చేతిలో పెట్టి, అన్నీ ఎలా ఉన్నవి అలా ఉండాలని మరీ మరీ చెప్పి వెళ్లారు.

ఆయన బస్సెక్కిన నాలుగో రోజు మాస్టారు కూజా దించారు. హాజరుపట్టీ తీశారు. గుడ్డ మడత పెట్టారు. నన్ను పిలిచి స్క్రూడ్రైవరు అడిగితే, కిటికీ బిగించుకోవడానికేమో అనుకుని ఇచ్చాను. పెట్టె తెరవడానికని తెలిస్తే ఇచ్చేవాణ్ణి కాదని విచారణలో నేను స్పష్టంగా చెప్పాను కూడా.

ఆ తర్వాత రెండున్నర నెలలు మా బడిలో జరిగింది చెప్పాలంటే నాకే కొంచెం సిగ్గుగా ఉంది. పిల్లలు కంప్యూటరు వాడారు. ఒకరో ఇద్దరో కాదు, నలభై ఏడుగురు. మాస్టారు వాళ్లని నలుగురేసి జట్లుగా చేసి, కరెంటు ఉండే గంటలు గోడ మీద రాసి, ఆ ప్రకారం కూర్చోబెట్టారు. లెక్కల క్లాసులో ఎక్కాలు కంప్యూటరులో కొట్టించారు. ఊళ్లో ఏ ఇంట్లో ఎన్ని కోళ్లున్నాయో పిల్లల చేత లెక్క తీయించి పట్టిక వేయించారు. ఆ పట్టిక బయటపడ్డాక మూడిళ్ల మధ్య కోళ్ల తగాదా వచ్చింది. పిల్లలు అక్కడితో ఆగకుండా, ఎవరి కోడి ఎవరి ఇంట్లో గుడ్డు పెడుతోందో రంగుల గీతలతో చూపించారు. మా ఊరికి అంతకుముందు అలాంటి అశాంతి తెలియదు.

మా అమ్మాయి అయిదో తరగతి. అది ఇంటికొచ్చి కంచం పక్కన వేళ్లు ఆడిస్తూ ఉండేది. ఏంటే ఆ దరువు అంటే, ప్రాక్టీసు నాన్నా అనేది. ఒకరోజు నా షాపుకి ధరల పట్టిక కొట్టి తెచ్చింది. పంక్చరు, గాలి, బ్రేకు బిగింపు, ఒక్కొక్కటీ విడిగా. అంతవరకు మనిషిని బట్టి చెప్పే ధర గోడకెక్కడంతో నాకు నెలరోజులు నష్టం వచ్చింది. అయినా పిల్లని ఏమీ అనలేదు. చదువు వల్ల ఇలాంటి నష్టాలు ఉంటాయని పెద్దలు సహించాలి.

మూడో నెల చివర హెడ్మాస్టారు తిరిగొచ్చారు. టిఫిన్ క్యారియరు పట్టుకుని గదిలోకి వెళ్లి, పెట్టడానికి చోటు లేక అలాగే నిలబడిపోయారు. గోడవారగా ఉండాల్సిన పెట్టె లేదు. పక్కగదిలో వెలుగు కనిపించింది. వెళ్లి చూస్తే నలుగురు ఆడపిల్లలు కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నారు, అది వెలుగుతోంది. ఆయన గుమ్మం దగ్గరే కూలబడ్డారు. మంచినీళ్లు తాగి తేరుకున్నాక, వేలితో కీబోర్డు చూపించారు. ఎక్కువగా వాడే అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. నాలుగైదు మీటలయితే బోడిగా, ఏ అక్షరమూ లేకుండా నున్నగా మెరుస్తున్నాయి.

"మాస్టారూ, ఇవి ఏమైనట్టు?" అని మెల్లగా అడిగారు.

"అరిగాయండీ. పిల్లలకి ఇప్పుడు చూడకుండానే వచ్చు."

హెడ్మాస్టారు మంచి మనిషి. కోపం తెచ్చుకోలేదు. గదికి వెళ్లి, కాగితం ఒళ్లో పెట్టుకుని ఫిర్యాదు రాశారు. ప్రభుత్వ ఆస్తి అయిన సంతృప్తికరమైన కంప్యూటరు, తాను సెలవులో ఉండగా ఆన్ చేయబడినదని, తత్ఫలితముగా అక్షరములు అరిగినవని.

విచారణాధికారి వారంలో వచ్చారు. బొద్దుగా, నవ్వుమొహంతో, చంకలో కొత్త ల్యాప్‌టాపు సంచితో. ముందుగా సాక్ష్యం కోసమని కీబోర్డుకి అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీశారు. తర్వాత అభియోగాలు వరసగా పైకి చెప్పారు. ఒకటి, సీలు విప్పుట. రెండు, విద్యుత్తు ప్రసరింపజేయుట. మూడు, విద్యార్థులచే స్పృశింపజేయుట. నాలుగు, అక్షరములు అరుగుట. అయిదవది అన్నిటికంటే ఘోరమైనది. సదరు ఉపాధ్యాయుడు రికార్డు ప్రకారం డిజిటల్ నిరక్షరాస్యుడు కనుక, అతనికి కంప్యూటరు ఆన్ చేయడం తెలియదు. తెలియకుండానే ఆన్ చేశాడు. తెలియని పని చేయుట నిర్లక్ష్యం కిందికి వస్తుంది.

"ఇప్పుడు నాకు వచ్చండీ" అన్నారు మాస్టారు.

"రికార్డులో రాలేదు కదా" అన్నారు అధికారి. ఆయన గొంతులో నిజమైన సానుభూతి ఉంది.

ఇక నివేదిక అక్కడికక్కడే తయారుచేసి పంపాలి. అధికారి సంచి జిప్పు తీసి ల్యాప్‌టాపు బయటపెట్టారు. దాని మూత మీద ప్లాస్టిక్ కాగితం ఇంకా అంటుకునే ఉంది. మూత ఎటువైపు తెరుచుకుంటుందో చూడటానికి రెండుసార్లు తిప్పారు. తెరిచాక అది ఏదో రహస్యపదం అడిగింది. ఆయన ఫోను తీసి ఇంటికి చేశారు, ఇంట్లోవాళ్లు ఎత్తలేదు. హెడ్మాస్టారి వైపు చూశారు. ఆయన శిక్షణలో ఇచ్చిన సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకున్న మనిషే గానీ ఆ క్షణంలో బయట ఎవరో పిలిచినట్టయి బయటికి వెళ్లారు.

చివరికి మాస్టారే, అభ్యంతరం లేకపోతే తను కొడతానన్నారు.

తన మీద అభియోగపత్రాన్ని మాస్టారు ముప్పావు గంటలో టైపు చేశారు. అధికారి కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుని చెబుతుంటే, ఈయన కొడుతూ పోయారు. 'నిర్లక్ష్యము' దగ్గర అధికారి చెప్పిన పలుకు తప్పితే సరిదిద్దారు. నాలుగో అభియోగంలో వాక్యం అర్థం కావడం లేదని, రెండుగా విడగొడితే తన నేరం ఇంకా బాగా కనబడుతుందని సలహా ఇచ్చారు. పట్టిక వేశారు. ఫోటోలు ఎక్కడివక్కడ అమర్చి, ఒక్కొక్కదాని కింద వివరం రాశారు. అధికారి ముచ్చటపడి, అడగకపోయినా ఆరో అభియోగం కూడా చేర్చారు, పేజీ నిండుగా ఉంటుందని.

పక్కగది కిటికీలోంచి పిల్లలు చూస్తున్నారు. మా అమ్మాయి ఆ రోజు ఇంటికొచ్చి అడిగింది. "నాన్నా, సారు తప్పు చేశారని సారే ఎందుకు కొట్టారు?"

ఇంకెవరికీ రాదు కాబట్టి అని చెప్పాను. అది అన్నం తినేదాకా నన్నే చూస్తూ కూర్చుంది.

ఆ నివేదిక చూసి పెద్దాఫీసు ముగ్ధమైపోయింది. శాఖ చరిత్రలో అంత చక్కని నివేదిక రాలేదని, దాన్ని మిగతా అధికారులందరికీ నమూనాగా పంపారు. విచారణాధికారికి డిజిటల్ రత్న అని ఒక బిరుదు ఇచ్చి శాలువా కప్పారు. సభలో ఆయన మాట్లాడుతూ, పట్టుదల ఉంటే ఏ వయసులోనైనా నేర్చుకోవచ్చునని, తానే అందుకు ఉదాహరణ అని, కొందరు ఉపాధ్యాయులు మాత్రం ఎంత చెప్పినా మారరని ఎంతో ఆవేదనతో అన్నారట.

అయితే తీర్పు చెప్పేముందు ఊరి అభిప్రాయం కూడా తీసుకోవాలని నిబంధన. బడి ఆవరణలో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. నలభై ఏడుగురు పిల్లల తరఫున అరవై మంది దాకా వచ్చాం. మాస్టారు ఒక మూల బెంచీ మీద, చెవి మీద సుద్దముక్కతో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మేం ఆయన్ని వెనకేసుకొస్తామని ఆయన అనుకున్నట్టు మొహం చూస్తే తెలుస్తోంది.

హెడ్మాస్టారు లేచి కన్నీళ్ల పర్యంతమై మాట్లాడారు. పొరుగూరి కంప్యూటరు ఇవాళ్టికీ పెళ్లికూతురిలా ఉందని, మనదాని గతి చూడండని కీబోర్డుని పళ్లెంలో పెట్టి అందరి ముందూ తిప్పించారు. జనం దాన్ని చూసి ముక్కున వేలేసుకున్నారు. కూరగాయలమ్మే ఆవిడ, తన పింఛను దరఖాస్తుని కూతురు కొట్టిపెట్టింది ఆ కీబోర్డు మీదే అయినా, "అయ్యో, అక్షరాలన్నీ తినేశారే" అని నిట్టూర్చింది. కోళ్ల తగాదా పడ్డ మూడిళ్లవాళ్లూ మొదటిసారి ఒక్కమాట మీదకి వచ్చారు. నా వంతు వచ్చినప్పుడు నేనూ చెప్పాను. ఇరవై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నవాణ్ణి, వాడిన వస్తువు అరుగుతుందని నాకంటే ఎవరికి తెలుసు, వాడకపోతే అసలు గొడవే లేదు కదా అన్నాను. చప్పట్లు పడ్డాయి. కంప్యూటరుని తిరిగి పెట్టెలో భద్రపరచాలని కాగితం రాసి అందరం సంతకాలు చేశాం. రాయడం రానివాళ్లు వేలిముద్ర వేశారు.

మాస్టారు లేచి ఒక్కటే అడిగారు. "పిల్లల్ని కూడా ఒక్కమాట అడుగుతారా?"

పిల్లలకేం తెలుసునని మేమందరం నవ్వాం. ఆయన కూడా కాస్త నవ్వి కూర్చున్నారు. ఆ నవ్వు మాత్రం నాకు నచ్చలేదు. అందులో ఏదో ఉంది.

శిక్ష పెద్దది కాదు. ఒక ఏడాది జీతం పెంపు ఆపారు, ప్రతి సెలవుల్లోనూ అయిదు రోజుల శిక్షణకి హాజరు కావాలన్నారు, కంప్యూటరుకి పది అడుగుల లోపల నిలబడరాదన్నారు. బడి చిన్నది గనుక మాస్టారు లెక్కలు చెప్పే గదిలో కిటికీవైపు సగం మాత్రమే ఆయనకి మిగిలింది. ఆ సగంలోనే నిలబడి పాఠం చెప్పారు.

మర్నాడు ఆయన ఇంకో పని చేశారు. పిల్లల బెంచీలన్నిటి మీదా సుద్దముక్కతో కీబోర్డులు గీశారు. ఏ అక్షరం పక్కన ఏదో, ఒక్కటి పొల్లుపోకుండా. పిల్లలు వాటి మీద టకటకా కొట్టడం మొదలుపెట్టారు. మాస్టారు పాఠం చదివితే వాళ్లు బల్ల మీద టైపు చేస్తారు. తప్పు నొక్కితే వేలికంటిన సుద్దని బట్టి ఆయన పట్టుకుంటారు. సాయంత్రానికి అక్షరాలు అరిగిపోతే పొద్దున్నే మళ్లీ గీస్తారు. ఆ చప్పుడు వింటే బడి మీద వాన పడుతున్నట్టే ఉండేది. హెడ్మాస్టారు పెద్దాఫీసుకి రాసి అడిగితే, సుద్ద కీబోర్డుకి సీలు లేదు గనుక విప్పుట జరగలేదని, కరెంటు లేదు గనుక ప్రసరింపజేయుట జరగలేదని, ఇది ఆఫ్‌లైన్ పద్ధతి కిందికి వస్తుంది గనుక హెడ్మాస్టారిని అభినందిస్తున్నామని జవాబు వచ్చింది.

అలా రెండేళ్లు గడిచాయి. ఈలోగా బస్తీలో కంప్యూటరు విద్యాసంస్థ ఒకటి వెలిసింది. అద్దాల తలుపులు, చల్లగాలి, గుమ్మంలో టై కట్టుకున్న మనిషి. ఫీజు వినగానే మంచి సంస్థ అని తెలిసిపోయింది. ఊరంతా పిల్లల్ని అందులో చేర్పించాం. నేను షాపులో ఉన్న పాత సైకిళ్లు నాలుగు అమ్మి కట్టాను. కూరగాయలావిడ చెవులకున్నవి తీసింది.

ఆ సంస్థ గొప్పతనం గురించి ఎంత చెప్పినా తక్కువే. మా అమ్మాయిని మొదటిరోజు మిషను ముందు కూర్చోబెట్టారు. అది కీబోర్డు వైపు చూడనైనా చూడకుండా, కిటికీలోంచి వీధిని చూస్తూ, ఒక పేజీ కొట్టేసింది. చేరిన గంటలో! కూరగాయలావిడ కూతురూ అంతే. మా ఊరి పిల్లలందరూ అంతే. టై కట్టుకున్న ఆయనే నోరు వెళ్లబెట్టాడు. తర్వాత తేరుకుని, ఇది మా ప్రత్యేక బోధనా విధానమని చెప్పి, పిల్లలందరినీ వరసలో నిలబెట్టి ఫోటో తీయించి గుమ్మానికి కట్టించాడు. ఇంత త్వరగా నేర్పే సంస్థ ఉండగా ఆ ప్రభుత్వ బడిలో ఇన్నేళ్లు పిల్లల్ని వృథా చేశామే అని మేం తల్లిదండ్రులం ఒకరి భుజాలు ఒకరం తట్టుకుని బాధపడ్డాం.

మొన్న సుద్దముక్క మాస్టారు సైకిలుకి గాలి కొట్టించుకోవడానికి వచ్చారు. మనిషి కొంచెం వంగారు. నాకు జాలి వేసింది. ఎంతయినా మా అమ్మాయికి లెక్కలు చెప్పిన మనిషి. పైగా ఆయన పేరు ఇప్పటికీ ఆ జాబితాలో వరస సంఖ్య ఒకటిగానే ఉంది. పంపు పక్కన పెట్టి, దగ్గరికి జరిగి, ఎవరూ వినకుండా మెల్లగా చెప్పాను.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. బస్తీలో ఆ సంస్థ ఉంది చూశారా, పెద్దవాళ్లని కూడా చేర్చుకుంటారట. మా పిల్లలకి గంటలో వచ్చేసింది. మీరూ ఒకసారి వెళ్లి నేర్చుకోరాదూ?"

మాస్టారు చెవి మీది సుద్దముక్క తీసి చూసుకుని, మళ్లీ అక్కడే పెట్టుకున్నారు. "అలాగే చూద్దాం" అని, గాలికి డబ్బులిచ్చి వెళ్లిపోయారు.

నేనైతే నా ధర్మంగా మంచిమాట చెప్పాను. మీరు నవ్వుతున్నారని తెలుసు. మీ పిల్లలకి చదువు చెప్పిన మనిషిని మీరు కిందటిసారి ఎప్పుడు పలకరించారో గుర్తు తెచ్చుకుని, ఆ తర్వాత నవ్వండి.